ఊరికి రీడింగ్ రూమ్ కావాలంటే: తీర్మానం నుంచి బిల్లు దాకా ఫైల్ నడిపే పద్ధతి

మీ ఊళ్లో ఒక చిన్న గ్రంథాలయం, దాన్ని ఆనుకుని పిల్లలు కూర్చుని చదువుకునే గది ఒకటి కట్టించాలని అనుకుంటున్నారు. దేవరకొండ పక్కన తండా అయినా, అచ్చంపేట దగ్గర పల్లె అయినా, గద్వాల వైపు నల్లరేగడి ఊరైనా పరిస్థితి ఒకటే. గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ ఉద్యోగాలకి చదివే పిల్లల్లో డబ్బులున్నవాళ్లు హైదరాబాద్ పోయి అశోక్‌నగర్‌లో హాస్టల్ అద్దెలు కట్టుకుంటున్నారు, లేనివాళ్లు ఇంట్లో టీవీ మోతలో చదువుతున్నారు. ఇది అవసరమని అందరూ ఒప్పుకుంటారు. ఎమ్మెల్యే తలూపుతాడు, అధికారి కూడా మంచి ఆలోచనే అంటారు. కానీ పైసలు రావు. ఎందుకంటే సంతకం పెట్టే మనిషి అవసరం ఉందా లేదా అని చూడడు, తన చేతిలో ఉన్న నిధి నిబంధనల్లో ఈ పని పడుతుందా, రేపు ఆడిట్ వాళ్లు వస్తే చూపించడానికి కాగితం ఉందా అని చూస్తాడు. అతనికి భయం లేకుండా సంతకం పెట్టగలిగే ఫైల్ మీరు తయారుచేసి ఇవ్వాలి. ఈ పోస్ట్ అంతా దాని గురించే. రీడింగ్ రూమ్ అనే కాదు, సీసీ రోడ్డు, కమ్యూనిటీ హాల్, బడి ప్రహరీ ఏదైనా దాదాపు ఇదే దారి.

ముందు జాగా తేల్చండి

చాలామంది మొదట ఎమ్మెల్యే దగ్గరికి పోతారు. వద్దు. మొదట తహసీల్దార్ ఆఫీసుకు పోవాలి. ఏ నిధి నుంచి పని వచ్చినా మొదటి ప్రశ్న జాగా ఎవరిది అనే ఉంటుంది, దానికి జవాబు లేక మంజూరైన పనులు కూడా వెనక్కి పోయిన ఊళ్లు మన దగ్గర తక్కువేం లేవు.

గ్రామకంఠంలో ఖాళీ జాగా ఉంటే అదే మేలు. సర్వే నంబర్, విస్తీర్ణం, నాలుగు హద్దులు రాసుకుని, ఆ భూమి ఎవరి పేరు మీద ఉందో, ఖాళీగా ఉందో లేదో తహసీల్దార్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. చెరువు శిఖం (నీళ్లు నిండితే మునిగే చెరువు లోపలి భూమి) అసలు పట్టుకోకండి, ఎండాకాలం చూసి ఎంత ముద్దొచ్చినా సరే. గుడి మాన్యం అయితే దేవాదాయ శాఖ, బడి జాగా అయితే విద్యాశాఖ ఒప్పుకోవాలి, అంటే ఇంకో రెండు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఎవరైనా పెద్దమనసుతో సొంత జాగా ఇస్తామంటే సంతోషమే, కానీ తెల్లకాగితం మీద రాసిచ్చింది చెల్లదు. గ్రామపంచాయతీ పేరు మీద గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ కావాలి. అన్నదమ్ముల వాటాలు తేలని భూమి అయితే అందరి సంతకాలూ కావాలి, లేకపోతే పునాది తీసిన రోజే పట్నంలో ఉన్న తమ్ముడు ఊడిపడతాడు. ఇచ్చినాయన తన తండ్రి పేరు పెట్టాలని అడగొచ్చు, ఆ ముచ్చట కూడా మొదట్లోనే తేల్చుకోండి. కొన్ని నిధుల్లో పేర్ల మీద నిబంధనలు ఉంటాయి, కట్టడం అయ్యాక గోడ మీద పేరు కోసం పంచాయితీ పెట్టుకోవడం కన్నా ఇది నయం.

ఇంకో మాట. కొత్తగా కట్టడమే ఎందుకు? పంచాయతీ కొత్త భవనంలోకి మారాక పాతది తాళం వేసి ఉందేమో, పిల్లలు లేక మూసేసిన బడి గది ఉందేమో చూడండి. ఉన్న గదికి రిపేర్లు, కరెంటు, బల్లలు పెట్టించడం కొత్త భవనం కన్నా చాలా తక్కువలో అయిపోతుంది. అయితే ఎంపీ నిధుల్లాంటివి మరమ్మతులకు మామూలుగా రావు, కొత్త ఆస్తి కోసమే వస్తాయి. అందుకే ఏ నిధి అడగాలో తేలకముందే కొత్తదా పాతదా అని తేల్చుకోండి.

తీర్మానం

2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. చాలా చోట్ల రిజిస్టర్‌లో జరుగుతుంది, అది వేరే సంగతి. మీ పని ఎజెండాలో రావాలంటే పంచాయతీ కార్యదర్శికి ముందే రాసివ్వండి, సర్పంచ్‌కి విడిగా చెప్పండి, ఉపసర్పంచ్‌కి కూడా చెప్పండి. చెక్కు మీద ఇద్దరి సంతకాలూ పడాలని చట్టంలోనే ఉంది కాబట్టి వాళ్లిద్దరికీ పడకపోతే మీ పని మధ్యలో నలుగుతుంది. సభకు మహిళా సంఘాల వాళ్లను తీసుకురండి. వాళ్లు నాలుగు మాటలు అడిగితే ఎదురుచెప్పేవాళ్లు ఉండరు, పైగా సాయంత్రం ఆడపిల్లలు వచ్చి చదువుకోవాలంటే గది ఎక్కడుండాలి, లైటు ఎక్కడుండాలి, బాత్రూమ్ ఉండాలా వద్దా అనేది మీకన్నా వాళ్లకే బాగా తెలుసు.

తీర్మానంలో "గ్రంథాలయం నిర్మించాలని కోరడమైనది" అని ఒక ముక్క రాసి వదిలేస్తే అది ఎందుకూ పనికిరాదు. ఏ సర్వే నంబర్‌లో, ఎంత జాగాలో, ఏ పని, ఆ జాగాను ఈ పనికి ఇవ్వడానికి పంచాయతీ ఒప్పుకుందా, కట్టాక కరెంటు బిల్లు, ఊడ్పు, రిపేర్లు ఎవరు భరిస్తారు, ఇవన్నీ రాయించండి. చివరిది మరీ ముఖ్యం. ఎంపీ నిధుల్లో కట్టాక నిర్వహణ ఎవరు చూస్తారో ముందే ఒప్పుకోలు అడుగుతారు, సీఎస్ఆర్ (కంపెనీలు సామాజిక పనులకు పెట్టే ఖర్చు) చూసేవాళ్లు కూడా మొదట అడిగేది అదే. తీర్మానం నంబర్, తేదీ, కార్యదర్శి సంతకం, ముద్ర ఉన్న కాపీలు నాలుగైదు తీసి పెట్టుకోండి.

అదే సభలో ఈ పనిని గ్రామ అభివృద్ధి ప్రణాళికలో కూడా రాయించండి. ప్రణాళికలో లేని పనికి పంచాయతీ సొంతంగా కుర్చీలు కొనాలన్నా తర్వాత తిప్పలే.

వాడేవాళ్ల లెక్క

దీనికి ఒక సాయంత్రం చాలు. ఇంటింటికీ తిరిగి ఏ పరీక్షకు చదువుతున్నారు, ఇప్పుడు ఎక్కడ చదువుతున్నారు, నెలకు ఎంత ఖర్చవుతోంది అని ఒక రిజిస్టర్‌లో వాళ్ల చేతనే రాయించి సంతకాలు పెట్టించండి. "యువత ఎక్కువగా ఉన్నారు" అని రాసిన దరఖాస్తుకూ, ఇన్ని పేర్లు, ఇందులో ఇంతమంది ఆడపిల్లలు, దగ్గరి గ్రంథాలయం ఇన్ని కిలోమీటర్లు అని రాసిన దరఖాస్తుకూ ఆఫీసులో దొరికే మర్యాదే వేరు. అంకెలు పెంచి రాయకండి. ఎవరైనా వచ్చి చూస్తే పరువు పోతుంది.

ఎస్టిమేట్ చేతికి రావాలి

పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) మండలంలోనే ఉంటారు. తీర్మానం కాపీ, జాగా కాగితం పట్టుకుని పోయి ఎస్టిమేట్ వేయమని అడగండి. ఆయనకు మండలం మొత్తం పనులుంటాయి, వెంటనే రారు, కాబట్టి సైట్ చూడ్డానికి వచ్చే రోజు కనుక్కుని మీరు దగ్గర ఉండండి. నేల సంగతి మీరే చెప్పాలి. అలంపూర్, గద్వాల వైపు నల్లరేగడిలో పునాది లోతు, ఖర్చు పెరుగుతాయి, దేవరకొండ వైపు రాయి తగిలితే తవ్వకం రేటు మారుతుంది. పక్క ఊరి ఎస్టిమేట్ తెచ్చి పేరు మార్చి పెట్టేస్తే తర్వాత పని సగంలో పైసలు అయిపోతాయి.

ఎస్టిమేట్ ప్రభుత్వ రేట్ల పట్టిక ప్రకారం ఉంటుంది, పైన జీఎస్టీ లాంటివి కలుస్తాయి. మేస్త్రి చెప్పిన ధరతో పోల్చి ఇంతెందుకు అని గొడవ పడకండి. మీరు చూడాల్సింది వేరే. కరెంటు వైరింగ్ ఉందా, ఫ్యాన్లు ఉన్నాయా, బాత్రూమ్, నీళ్ల కనెక్షన్ ఉన్నాయా, మెట్ల పక్కన ర్యాంప్ ఉందా. ఇవి వదిలేసి గోడలూ స్లాబూ వరకే వేసిన ఎస్టిమేట్లు బోలెడు. గది తయారై, లైటు లేక రెండేళ్లు తాళం పడి ఉన్నవి మీ మండలంలోనే కనిపిస్తాయి, వెతికి చూడండి.

ఏ పైసలు ఎక్కడ అడగాలి

అసలు సంగతి ఇక్కడుంది. ఒక్క చోటే మొత్తం అడగకండి. పనిని ముక్కలుగా విడదీసి ఏ ముక్క ఏ నిధిలో పడుతుందో చూడండి: భవనం ఒక చోట, బల్లలు కుర్చీలు ఇంకో చోట, పుస్తకాలు ఇంకో చోట, నెలనెలా ఖర్చు పంచాయతీ. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. ఒకే గోడకు రెండు నిధుల్లో బిల్లు పెడితే అది దొంగలెక్క, కేసు అవుతుంది. అందుకే ఏ ముక్క ఎవరిదో దరఖాస్తులోనే తేటగా రాయండి.

భవనానికి ఎంపీ నిధులు మంచి దారి. ఈ పథకం 1993లో మొదలైంది, ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్ల మేర పనులు సిఫార్సు చేసే వీలుంది. ఎంపీ సిఫార్సు మాత్రమే చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. ఈ ఒక్క ముక్క అర్థం కాక, ఎంపీ లెటర్ ప్యాడ్ మీద కాగితం రాగానే ధన్యవాదాల ఫ్లెక్సీలు కట్టేస్తారు. భూమి కొనడానికి, గుడి, మసీదు, చర్చి పనులకు, ప్రైవేటు ఆస్తులకు ఈ పైసలు రావు. ఎస్సీలు ఎక్కువగా ఉన్న ప్రాంతాలకు 15 శాతం, ఎస్టీ ప్రాంతాలకు 7.5 శాతం సిఫార్సు చేయాలనే నియమం ఉంది, కాబట్టి మీది తండా అయితేనో, పని ఎస్సీ కాలనీలో అయితేనో ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయండి. ఇంకో విషయం చాలామందికి తట్టదు. నల్లగొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ లోక్‌సభ సభ్యుల చుట్టే అందరూ తిరుగుతారు గానీ, తెలంగాణ నుంచి ఎన్నికైన రాజ్యసభ సభ్యులు రాష్ట్రంలో ఏ జిల్లాకైనా సిఫార్సు చేయొచ్చు. వాళ్ల ఇంటి ముందు క్యూ కాస్త తక్కువ.

ఎమ్మెల్యే నియోజకవర్గ అభివృద్ధి నిధి కూడా ఉంది. అక్కడ మీ ఊరికీ పక్క ఊరికీ పోటీ, పార్టీలో ఎవరు ఎవరి మనిషి అనే లెక్కలు నడుస్తాయి, అది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఎంపీ నిధులైనా ఎమ్మెల్యే నిధులైనా జిల్లాలో కాగితాలు చూసేది ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం, సీపీఓ ఆఫీసు అంటారు. ఏ పైసలు మిగిలాయో, ఏవి అయిపోయాయో అక్కడ తెలుస్తుంది. నాయకుడి దగ్గరికి పోయేముందు అక్కడ ఒకసారి కనుక్కుంటే అయిపోయిన నిధి కోసం తిరిగే పని తప్పుతుంది.

సీఎస్ఆర్ గురించి అందరూ మాట్లాడతారు, అడిగేవాళ్లు తక్కువ. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. తాను నడిచే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఇక ఏ పనులకు పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూల్‌లో ప్రజా గ్రంథాలయాల ఏర్పాటు అని పేరుతో సహా ఉంది. మీ దరఖాస్తులో ఈ రెండు మాటలూ రాయండి, సీఎస్ఆర్ చూసే అధికారికి తన పైవాళ్లకు చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కంపెనీలున్నాయి. వాటి దుమ్మూ వాసనా పీల్చే ఊళ్లు అడగడానికి మొహమాటపడక్కర్లేదు. కంపెనీలు ఏడాది ప్రణాళిక ఏప్రిల్‌కు ముందే తయారు చేసుకుంటాయి, కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో ఇచ్చిన కాగితానికి బలం ఎక్కువ. మీరు యువజన సంఘం పేరు మీద డబ్బు తీసుకుని ఖర్చు చేయాలంటే ఆ సంఘానికి రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను శాఖ 12ఏ, 80జీ గుర్తింపులు, కంపెనీల వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్ఆర్-1 నంబర్ ఉండాలి. అవి లేకపోతే డబ్బు అడగకండి, వస్తువులు అడగండి. బల్లలు, కుర్చీలు, అల్మారాలు, రెండు కంప్యూటర్లు కంపెనీయే కొని పంచాయతీకి అప్పగిస్తుంది, మీకు లెక్కల తలనొప్పి ఉండదు.

పుస్తకాలకు జిల్లా గ్రంథాలయ సంస్థ. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నారు. అది పంచాయతీ వసూలు చేసి సంస్థకు కట్టాలి, కట్టకుండా బకాయి పెట్టడం మామూలే. అందుకే సంస్థ కార్యదర్శి దగ్గరికి పోయేముందు మీ పంచాయతీ బకాయి ఎంతో తెలుసుకోండి. కొంతైనా కట్టించి ఆ రసీదుతో పోతే మాట వేరుగా ఉంటుంది. మొదటే శాఖా గ్రంథాలయం అడిగితే సిబ్బంది లేరు అంటారు, బుక్ డిపాజిట్ సెంటర్ (సంస్థ పుస్తకాలు తెచ్చి ఊళ్లో ఉంచే చిన్న కేంద్రం) అడగండి, అది వాళ్లకూ తేలిక.

పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. 15వ ఆర్థిక సంఘం కాలంలో, అంటే 2021 నుంచి 2026 దాకా, వాటిలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే ముడిపెట్టారు. మిగతా దాంట్లోనే ఊరి ఖర్చులన్నీ. అక్కడి నుంచి బాత్రూమ్, నీళ్ల కనెక్షన్ అడిగితే సరిగ్గా సరిపోతుంది. గనులున్న మండలం అయితే జిల్లా ఖనిజ నిధి సంగతి కూడా కలెక్టరేట్‌లో అడగండి, చదువుకు సంబంధించిన పనులు అందులో ప్రాధాన్య రంగమే.

దరఖాస్తు ఒక్క పేజీ

ఊరి చరిత్ర, స్వాతంత్ర్య సమరయోధుల పేర్లు, "తమరి దయ" లాంటివి వద్దు. ఇలా ఉంటే చాలు:

"విషయం: ఫలానా గ్రామంలో సర్వే నంబర్ ఫలానాలో పఠన మందిర భవన నిర్మాణానికి ఫలానా నిధి నుంచి ఇన్ని లక్షలు కోరుట. మా గ్రామంలో పోటీ పరీక్షలకు చదివేవారు ఇంతమంది, వీరిలో మహిళలు ఇంతమంది. దగ్గరి గ్రంథాలయం ఇన్ని కిలోమీటర్లు. జాగా గ్రామపంచాయతీది, తహసీల్దార్ ధ్రువపత్రం జత చేశాం. పంచాయతీరాజ్ ఏఈ వేసిన ఎస్టిమేట్ ఇంత. ఫర్నిచర్ కోసం ఫలానా చోట, పుస్తకాల కోసం గ్రంథాలయ సంస్థకు విడిగా దరఖాస్తు చేశాం, ఆ ఖర్చు ఇందులో లేదు. నిర్వహణ పంచాయతీ చూసుకుంటుందని ఫలానా తేదీ తీర్మానం జత చేశాం."

కింద జతపరిచిన కాగితాల వరుస, సైట్ ఫొటో ఒకటి, సర్పంచ్ సంతకం, ఇద్దరి ఫోన్ నంబర్లు. కొత్త జిల్లా, కొత్త మండలం పేర్లు సరిగ్గా రాయండి. 2016లో జిల్లాలు విడిపోయాక, 2019లో నారాయణపేట వేరయ్యాక పాత భూమి కాగితాల్లో ఒక పేరు, కొత్త దరఖాస్తులో ఒక పేరు ఉండటం మామూలు. అలాంటప్పుడు రెండూ ఒకటే ఊరని ఒక వాక్యం రాసేయండి, గుమస్తా దాన్ని పట్టుకుని ఫైల్ వెనక్కి పంపకుండా.

ఫైల్ వెంట నడవడం

ఇచ్చిన ప్రతి కాగితానికీ ఇన్‌వార్డ్ నంబర్ (అందినట్టు ఆఫీసు వేసే నంబర్) తీసుకోండి. నాయకుడి చేతిలో పెట్టి దండం పెట్టి వచ్చిన కాగితానికి నంబర్ ఉండదు, నంబర్ లేని కాగితం కారు డిక్కీలోనే ఉండిపోతుంది. ఎంపీ సిఫార్సు జిల్లాకు చేరిందా, సీపీఓ ఆఫీసు ఎస్టిమేట్ అడిగిందా, పంచాయతీరాజ్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) ఆఫీసు నుంచి అది వెళ్లిందా, ఈ మూడు చోట్లే ఎక్కువగా ఆగుతుంది. "సార్ మీటింగ్‌కు పోయిండు, రేపు రాండ్రి" అంటారు. రేపు పోండి, కానీ సార్ కోసం కాదు, ఫైల్ చూసే సెక్షన్ క్లర్క్ కోసం. ఏ కాగితం తక్కువైందో ఆయనకే తెలుసు. మర్యాదగా కూర్చుని అడిగితే చెబుతారు, అప్పటికప్పుడు తెచ్చిచ్చేలా కాగితాల సెట్ ఒకటి సంచిలో ఉంచుకోండి.

కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇన్‌వార్డ్ నంబర్ రాసి ఇవ్వండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు. గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. "ఎందుకు మంజూరు చేయలేదు" అని అడగకండి, "ఫలానా నంబర్ ఫైల్ ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లింది, నోట్‌ఫైల్ కాపీ ఇవ్వండి" అని అడగండి. నోట్‌ఫైల్ అంటే ఫైల్ మీద అధికారులు రాసిన మాటల పేజీలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, చాలాసార్లు జవాబు కన్నా ముందు ఫైలే కదులుతుంది. ఎవరైనా చేయి చాస్తే ఏసీబీ నంబర్ 1064.

తేదీలు చూసుకోండి. ఎన్నికల కోడ్ పడితే కొత్త పని మొదలుపెట్టనివ్వరు, వర్క్ ఆర్డర్ చేతిలో ఉన్నా సరే. మార్చి నెలలో ఆఫీసులన్నీ బిల్లుల హడావిడిలో ఉంటాయి, అప్పుడు కొత్త కాగితం పట్టుకుపోయి లాభం లేదు.

మంజూరయ్యాక

పరిపాలనా అనుమతి ప్రొసీడింగ్స్ (మంజూరు ఉత్తర్వు) కాపీ చేతికి వచ్చిందంటేనే పని మంజూరైనట్టు. దాంట్లో పని పేరు, ఊరు, మొత్తం, పని చేసే శాఖ సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. ఊరి పేరులో తప్పుంటే బిల్లు దగ్గర ఆగుతుంది, ఇప్పుడే సవరణ అడగండి. తర్వాత సాంకేతిక మంజూరు, ఆపై టెండరో మరో పద్ధతో, అగ్రిమెంట్, వర్క్ ఆర్డర్. ప్రొసీడింగ్స్ రాగానే ఉత్సాహంతో సొంత డబ్బు పెట్టి పని మొదలుపెట్టొద్దు. అగ్రిమెంట్ లేని పనికి బిల్లు రాదు, అప్పు తెచ్చి పనులు చేసి బిల్లుల కోసం ఏళ్లతరబడి తిరిగిన సర్పంచులు ప్రతి మండలంలోనూ ఉన్నారు.

పని జరుగుతున్నప్పుడు పునాదికి, బెల్టుకు, స్లాబ్‌కు తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి. మట్టి కప్పేశాక లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు. ఏఈ ఎంబీలో (కొలతల పుస్తకంలో) కొలతలు రాసే రోజు ఊరివాళ్లు ఒకరిద్దరు అక్కడ ఉంటే మంచిది. ఎంబీ, క్వాలిటీ పరీక్ష, డీఈ (ఏఈ పైన ఉండే ఇంజనీర్) పరిశీలన అయ్యాక బిల్లు వెళ్తుంది.

భవనం చేతికొచ్చాక పంచాయతీ ఆస్తుల రిజిస్టర్‌లో రాయించండి, కరెంటు మీటర్ పంచాయతీ పేరు మీద పెట్టించండి, తాళం ఎవరి దగ్గరుండాలో, ఎన్ని గంటలకు తెరవాలో కమిటీ వేసుకుని గోడ మీద రాయండి. బల్లలు ఇచ్చిన కంపెనీకి అందినట్టు రసీదు, పిల్లలు కూర్చుని చదువుతున్న ఫొటోలు, రోజువారీ హాజరు రిజిస్టర్ కాపీ డిసెంబర్‌లోగా పంపండి. వాళ్లు తర్వాతి ఏడాది ప్రణాళిక వేసుకునే సమయానికి మీ కాగితం బల్ల మీద ఉంటుంది, ఇన్వర్టర్ అడగాలంటే దాంతోపాటే అడగొచ్చు.